కదలని ముల్లు

పెద్ద వరదలో పంపుహౌసు కిటికీ చువ్వల దాకా నీళ్లు నిలిచాయి. అది జరిగిన నాలుగో ఏడు ఇది. ఆ నీటి గీత ఇంకా గోడమీద ఉంది, మనిషి రొమ్ము ఎత్తున, టీ మరకలాగా. వార్డెన్ రెండుసార్లు సున్నం వేయించింది. రెండుసార్లూ గీత పైకి తేలింది. “ఉండనీయండి అమ్మగారూ, దాని మానాన అది ఉంది” అన్నాడు పంపుతాత. ఆ ఏడాదిలో ఆయన వార్డెన్‌తో ఆడిన మాటల్లో అదే పెద్దది.

ఆడపిల్లల హాస్టలుకి నీళ్లెక్కించడం ఆయన పని. నాలుగు అంతస్తులు, రెండువందల పన్నెండు మంది పిల్లలు, పైన మూడు ట్యాంకులు. పొద్దున అయిదింటికి తలుపు తీస్తాడు. మోటారు వీపుమీద అరచెయ్యి ఆనించి చూస్తాడు. స్విచ్చి వేస్తాడు. గొట్టానికి బిగించిన, నీళ్ల ఒత్తిడి చూపే గేజి అద్దాన్ని వేలి కణుపుతో టక్కుమని ఒక్క దెబ్బ కొడతాడు. లోపలి ముల్లు వణికి, మళ్లీ తన చోటికొచ్చి ఆగుతుంది. అప్పుడు నమ్ముతాడు. వణకని ముల్లును నమ్మడు. వరదనాడు ఒక ముల్లు ‘అంతా బాగుంది’ అని చెబుతూనే ఉంది. పైన ట్యాంకులో చుక్క లేదు, కింద మోటారు మాడి కూర్చుంది. ఆ చచ్చిన గేజిని పారెయ్యలేదు. పానాల పక్కన అరమీద పెట్టుకున్నాడు.

అప్పటినుంచి కనబడిన ప్రతి అద్దాన్నీ కొట్టి చూస్తాడు. గోడ గడియారాన్ని కూడా.

“మా ఆయన నెత్తిన కూడా ఒకటి కొట్టి చూడు తాతా, కదులుతాడేమో” అనేది వంటావిడ.

ఆయన నవ్వేవాడు. జవాబు చెప్పేవాడు కాదు.

ఆయన చేత మాట్లాడించగలిగేది ఒక్కతే, మనవరాలు. కూతురి కూతురు. కంప్యూటరు చదువు రెండో ఏడు, అదే హాస్టల్లో మూడో అంతస్తు. చిన్నప్పటినుంచి నోరు మూతపడదని పిచ్చుక అని పేరు పెట్టాడు. సాయంత్రం క్లాసులవగానే పంపుహౌసుకొచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఆ రోజు ఎవరు ఎవర్ని ఏమన్నారో మొత్తం ఒప్పజెప్పేది. ఆయన ఊ కొట్టేవాడు. ఊ కొట్టడం ఆపితే “తాతయ్యా, నిద్రపోయావా?” అని మోకాలు మీద తట్టేది.

పది పన్నెండు రోజులుగా బకెట్ ఖాళీగా ఉంది. పరీక్షలేమో అనుకున్నాడు.

హాస్టలుకి ఆ ఏడు ఒక యంత్రం వచ్చింది. అంతకుముందు ఏడు వేరే కాలేజీలో ఇద్దరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తరువాత ఆసుపత్రినుంచి ఒక మేడం రావడం మొదలుపెట్టింది, ప్రతి మంగళవారం, భుజాన నల్ల సంచీతో. వయసు ముప్పై దాటి ఉండదు. మొదటిరోజు హాల్లో పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడుతుంటే పంపుతాత నిచ్చెనెక్కి ట్యూబులైటు మారుస్తున్నాడు.

“జ్వరానికి థర్మామీటరుంది. మనసుకేముంది? మీరు చెప్పే మాటే ఉంది. రోజుకొక్కసారి చెప్పండి, చాలు” అంది.

పొద్దున ఏడింటికి ప్రతి పిల్ల ఫోన్లోనూ అయిదు మొహాలు వస్తాయి. పకపకా నవ్వే ఆకుపచ్చ మొహం మొదటిది. బోరున ఏడ్చే ఎర్రది చివరిది. మధ్యలో లేతాకుపచ్చ, పసుపు, మూతి ముడిచిన నారింజ. మనసెలా ఉంటే ఆ మొహం నొక్కాలి. ఆఫీసు వరండాలో టీవీలాంటి ఒక పెద్ద అద్దం పెట్టారు. దానిమీద రెండువందల పన్నెండు చుక్కలు, పేర్లుండవు, రంగులే. పేర్లు మేడం దగ్గరా, ఆఫీసు కంప్యూటర్లోనూ ఉంటాయి. వారం రోజుల్లో పిల్లలు ఆవిడకి మొహాల మేడం అని పేరు పెట్టేశారు. ఆవిడ విని, “నాకు అయిదున్నాయి, మీకు ఒకటే” అని నవ్వింది.

నెల తిరక్కముందే మూడో అంతస్తు పొడుగమ్మాయి ఎర్ర మొహం నొక్కింది. పిచ్చుక గదే ఆ పిల్లది కూడా. ఆ రోజు శుక్రవారం, మేడం లేదు. తొమ్మిదింటికల్లా ఆఫీసులోంచి ఆ పిల్ల వాళ్ల నాన్నకి ఫోను వెళ్లింది. మధ్యాహ్నానికి ఆయన వచ్చాడు. బాగయ్యేదాకా ఇంట్లో ఉంచుకోండి, హాజరు సంగతి తరువాత చూద్దాం అన్నారు. ఆ పిల్ల పెట్టె మెట్లమీంచి దింపింది పంపుతాతే. బరువేం లేదు. పుస్తకాలన్నీ సర్దుకునే టైం కూడా ఇవ్వలేదు.

“నిజం చెప్పానని పంపేస్తున్నారు తాతా” అంది గేటు దగ్గర. ఏడవలేదు. ఎక్కడో తప్పు లెక్క చూసినట్టు మొహం పెట్టింది, అంతే.

ఆయన పెట్టె బండిలో పెట్టాడు. తాడు బిగించాడు. వెనక్కి తిరిగితే మెట్లమీద పిచ్చుక నిలబడి ఉంది, గోడకి భుజం ఆనించి.

అది జరిగింది మొదలు వరండాలో అద్దం మీద చుక్కలన్నీ ఆకుపచ్చే.

*

సోమవారం పొద్దున ఆ అద్దానికి కరెంటు అందడం లేదని వార్డెన్ పిలిపించింది. పంపుతాత స్క్రూ డ్రైవరు చెవిమీద పెట్టుకుని వెళ్లాడు. ప్లగ్గు వదులైంది. బిగించి లేచేసరికి గడియారం ఏడు కొట్టబోతోంది. చూద్దామని నిలబడ్డాడు.

ఏడయింది. చుక్కలన్నీ బూడిద రంగులోంచి ఆకుపచ్చకి మారడం మొదలైంది. ముందు ఒక పెద్ద గుంపు, అరవై దాకా ఉంటాయి, ఒక్క రెప్పపాటులో, దుప్పటి దులిపినట్టు. ఆ తరువాత మిగతావి, ఒకటీ అరా, నింపాదిగా.

“చూశారా తాతా, ఎంత ముచ్చటగా ఉందో” అంది వార్డెన్. “పది రోజులుగా ఒక్క పిల్లకి బెంగ లేదు. పైవాళ్లు మనల్ని చూసి నేర్చుకోమని మిగతా హాస్టళ్లకి కాయితం కూడా పంపారు.”

పంపుతాత అద్దం దగ్గరకి వెళ్లి, వేలి కణుపుతో టక్కుమని కొట్టాడు.

“అయ్యో, పగులుతుంది! అదేమన్నా మీ గొట్టం అనుకున్నారా?”

ఆయన పంపుహౌసుకొచ్చి మోటారు పక్కన కూర్చున్నాడు. అరవై మంది ఒక్కసారిగా తుమ్మరు. అరవై మంది ఒక్కసారిగా నిద్ర లేవరు. మరి ఒక్క రెప్పపాటులో అందరికీ సంతోషం ఎలా వచ్చింది? పది రోజులుగా ఒక్క పిల్లకి తలనొప్పి రాలేదా, ఒక్క పిల్లకి అమ్మ గుర్తు రాలేదా? తలెత్తి అరమీద గేజిని చూశాడు. అది కూడా ఎప్పుడు చూసినా ఒకే అంకె చెబుతుంది.

ఆ సాయంత్రం వంటావిడ పాల కోసం పెట్టిన గిన్నె పట్టుకుపోతూ ఆగింది. “నీ మనవరాలిది పెద్ద మనసు తాతా. పాటలు వినే ఆ చెవి పెట్టెలు లేవూ, అవి మా అమ్మాయికి ఇచ్చేసింది. మంచి శాలువా కూడా. చలికి నీకొద్దా అంటే, నాకెందుకులే అత్తా అంది.”

పంపుతాత చేతిలో పానా ఆగింది. ఆ శాలువా వాళ్ల అమ్మమ్మది.

*

మంగళవారం మొహాల మేడం వచ్చేసరికి ఆయన వరండాలో నిలబడి ఉన్నాడు, చేతులు తుడుచుకుంటూ. చేతులకి మురికేం లేదు.

“ఏంటి తాతగారూ, నాతో పనా?” అంది ఆశ్చర్యంగా.

“మీ ముల్లు ఇరుక్కుపోయిందమ్మా.”

“నా ముల్లా?”

“ఆ అద్దంలోది. కదలట్లేదు. కదలని ముల్లు బాగున్నట్టు కాదు.” ఒక్కసారి అంత మాట్లాడినందుకు ఆయనకే ఆయాసం వచ్చింది. “ఏడింటికి చూడండి. అరవై చుక్కలు ఒక్కసారే పడుతున్నాయి.”

ఆవిడ నవ్వబోయి మానేసింది. ఆవిడకి వారానికొక అంకె వచ్చేది, నూటికి ఇంతమంది బాగున్నారని. అదే చూసుకునేది. అక్కడే వరండా గట్టుమీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. వేలితో వరసలు కిందకి లాగుతూ చాలాసేపు ఉంది.

“అరవై మూడు” అంది చివరికి. “రోజూ ఏడింటికి, ఒకే సెకనులో. ఇది పిల్లలు నొక్కుతున్నది కాదు తాతగారూ. ఎవరో చిన్న ప్రోగ్రాం రాసి అందరి ఫోన్లలోనూ పెట్టారు. పిల్ల నిద్రపోతున్నా ఫోనే నవ్వు మొహం నొక్కేస్తుంది. పొడుగమ్మాయి వెళ్లిన మర్నాటినుంచి.”

వార్డెన్ గుమ్మంలోకి వచ్చింది. విన్నది. ఆవిడ మొహం కందిపోయింది.

“ఎవరో కనుక్కోండి. ఇవాళే పెట్టె సర్దిస్తాను.”

“ఇంకో పెట్టా?” అంది మేడం. గొంతు పెంచలేదు. “ఒక పెట్టె సర్దించినందుకే కదండీ అరవై మూడు ఫోన్లు అబద్ధమాడుతున్నాయి.”

“మీరు వారానికొకసారి వచ్చి పోతారు. రేపేదైనా అయితే ముందు నా పీక పట్టుకుంటారు. ఆ ఎర్ర చుక్క చూసిన రోజు నాకు అన్నం దిగలేదు తెలుసా? ఇంటికి పంపిస్తే కనీసం వాళ్లమ్మ కళ్లముందు ఉంటుంది కదా అనుకున్నాను.”

మేడం ఆవిడ వైపు చూసి, పక్కకి జరిగి గట్టుమీద చోటిచ్చింది. వార్డెన్ కూర్చుంది. 

“తప్పు మీ ఒక్కరిదే కాదు” అంది మేడం. “మీటరు నేను పెట్టాను. నొక్కాక ఆ మాట ఎక్కడికి పోతుందో నేను చూసుకోలేదు. తిన్నగా ఆఫీసుకి పోతోంది. భయపడ్డ మనిషి చేతిలోకి పోతోంది.”

పంపుతాత ఇదంతా వింటూనే ఉన్నాడు, కానీ ఆయన మనసు అక్కడ లేదు. ఫోను చేత పనులు చేయించే విద్య హాస్టల్లో ఎవరికి వచ్చో ఆయనకి తెలుసు. బకెట్ మీద కూర్చుని గొప్పగా చెప్పింది కూడా. రాసింది ఎవరన్నది కాదు ఆయన బాధ. ఆ అరవై మూడు నవ్వుల్లో ఒకటి దానిది. ఆ నవ్వు వెనక ఏముంది?

వార్డెన్ లోపలికి వెళ్లేదాకా ఆగాడు.

“అమ్మా, ఒక పిల్ల తన వస్తువులు పంచిపెట్టేస్తోంది. ఎవరితోనూ మాట్లాడటం లేదు. అంటే?”

మేడం ల్యాప్‌టాప్ మూసింది. “ఎవరు?”

ఆయన చెప్పాడు. 

“నేను వెళ్లి మాట్లాడతాను. కానీ ముందు మీరు అడిగితే మంచిది. మీరంటే తనకి నమ్మకం. నేను ఇక్కడే ఆఫీసులో ఉంటాను, చీకటి పడ్డా సరే కదలను.”

“ఏమని అడగాలి?”

“తిన్నగా. చచ్చిపోవాలనిపిస్తోందా అని.”

“అమ్మో! లేని ఆలోచన నెత్తిన పెట్టినట్టు కాదూ?”

“కాదు తాతగారూ. అందరూ అలాగే అనుకుంటారు. ఎన్నో చోట్ల ఎంతోమంది పిల్లల్ని చూసి తేల్చిన సంగతి ఇది. అడిగితే ఆలోచన పుట్టదు. లోపల ఉన్నదానికి తలుపు తెరుచుకుంటుంది. పిచ్చి ఆలోచనలేం లేవు కదా అని మాత్రం అడక్కండి. అలా అడిగితే లేవనే చెబుతారు.”

“అడిగాక?”

“నీతులు చెప్పకూడదు. తిట్టకూడదు. నోరు మూసుకుని వినాలి.”

“అది నాకు వచ్చు” అన్నాడు పంపుతాత.

*

మధ్యాహ్నమంతా ఆ ఒక్క ముక్క నోట్లో తిప్పుకున్నాడు. వాల్వు దగ్గర నీళ్లు కారుతుంటే, అక్కడ కూరిన పాత తాడు కొక్కేంతో లాగి పడేసి, గ్రీజు రాసిన కొత్త తాడు చుట్టలు చుట్టలుగా కూరుతూ అనుకున్నాడు. మోటారుతో అన్నాడు. మోటారుతో అనడం తేలికే. చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా. 

సాయంత్రం నీళ్లెక్కించే వేళకి వంటావిడ చేత కబురు పెట్టించాడు, గేజి మార్చాలి, కళ్లు ఆనడం లేదు, ఒక్కసారి రమ్మని.

పిచ్చుక వచ్చింది. జుట్టు సరిగ్గా దువ్వుకోలేదు. బకెట్ మీద కూర్చోలేదు, నిలబడే ఉంది.

“ఏది తాతయ్యా?”

“రెండో గొట్టానిది. ఆ కొత్తదాని మర మీద తెల్ల టేపు చుట్టు. మర తిరిగే వైపే చుట్టాలి.”

“తెలుసులే. నువ్వే నేర్పావు.”

మొదటి గొట్టం మీద మోటారు హోరుమంటోంది. పిచ్చుక వేళ్లు టేపును నున్నగా లాగి, మూడు చుట్లు చుట్టి తెంపాయి. ఆయన పాత గేజి విప్పాడు. కొత్తది బిగిస్తూ, గోడవైపు చూస్తూ, ఆ హోరు చాటునే అనేశాడు.

“ఏంటి? వినపడలేదు” అంది పిచ్చుక.

పంపుతాత వెళ్లి స్విచ్చి ఆపేశాడు. ట్యాంకు సగం కూడా నిండలేదు. నీళ్లెక్కే వేళలో ఆయన మోటారు ఆపడం ఎవరూ చూడలేదు. చక్రం తిరిగి తిరిగి ఆగింది. గొట్టంలో నీళ్లు వెనక్కి జారిన చప్పుడు. ఆ తరువాత నిశ్శబ్దం.

దగ్గరకొచ్చి, దాని ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

“నీకు చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?”

పిచ్చుక ఆయన్ని చూసింది. కోప్పడుతుందనుకున్నాడు. ఛీ, ఏం మాటలు తాతయ్యా అంటుందనుకున్నాడు. అది మెల్లగా బకెట్ మీద కూర్చుంది. చేతిలో టేపు ఉండను తిప్పుతూ తిప్పుతూ, “అప్పుడప్పుడు” అంది.

ఆయన అరచెయ్యి దాని మోకాలు మీద పెట్టి ఉంచాడు.

“ఎప్పటినుంచి?”

“అది వెళ్లినప్పటినుంచి.” ఇక ఆగలేదు. “నేనే చెప్పాను తాతయ్యా. అది నెలరోజులుగా రోజూ ఏడుస్తుంటే, నిజం నొక్కవే, మేడం మంచిది, సాయం చేస్తుంది అని నేనే నొక్కించాను. దాని ఏడాది పోయింది. వాళ్ల నాన్న ఇక చదువొద్దంటున్నాడట. నా ఫోను కూడా ఎత్తడం లేదు. నా నోరే ఇంత చేసింది. అందుకే ఇంకెవరినీ పంపించకుండా ఆ ప్రోగ్రాం రాశాను. అందరూ వచ్చి నాకూ పెట్టవే, నాకూ పెట్టవే అన్నారు. ఇప్పుడు వాళ్లలో ఎవరికైనా ఏదైనా అయితే ఎవరికీ తెలీదు. అదీ నా వల్లే. రెండు పరీక్షలు పోయాయి. పొద్దున లేవగానే నేను లేకపోతే అందరికీ బాగుండుననిపిస్తుంది.”

చెప్పాల్సినవి ఆయన నాలుక చివర పది ఉన్నాయి. నువ్వు లేకపోతే నేనేమైపోతాననేది అందులో మొదటిది. ఏదీ అనలేదు. ఊ కొట్టాడు. పిచ్చుక ఏడ్చింది. మళ్లీ చెప్పింది. మళ్లీ ఏడ్చింది. ఆయన ఊ కొడుతూనే ఉన్నాడు. ఒకచోట ఆయన ఊ ఆగిపోతే, పిచ్చుక అలవాటుగా ఆయన మోకాలు మీద తట్టింది.

“నిద్రపోయావా?”

“లేదే. వింటున్నా.”

కాసేపాగి అన్నాడు. “మేడం ఆఫీసులో కూర్చుని ఉంది. నీకోసమే. పిలవనా?”

“పెట్టె సర్దమంటారా?”

“పెట్టె మోసేది నేనే కదా. నేను మొయ్యను.”

పిచ్చుకకి ఏడుపులో నవ్వొచ్చింది. తల ఊపింది.

మేడం వచ్చి, నేలమీద పంపుతాత పక్కనే చతికిలబడింది, మంచి బట్టలకి గ్రీజు అంటుతుందని కూడా చూసుకోకుండా. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ రాత్రికి పిచ్చుక ఒంటరిగా పడుకోకూడదని, వంటావిడ గదిలో పడుకోవాలని, వాళ్లమ్మకి పిచ్చుకే ఫోను చేసి చెప్పాలని, పక్కనే మేడం ఉంటుందని, రోజు విడిచి రోజు ఆసుపత్రిలో మేడం దగ్గరకి వెళ్లాలని తేల్చారు. నీళ్లు రావడం లేదని మూడో అంతస్తునుంచి ఎవరో అరిచారు. ఆ ఒక్కరోజుకి అరవనిచ్చారు.

*

ఆ వారంలో కొన్ని పనులు జరిగాయి. వార్డెనూ మేడమూ కలిసి పొడుగమ్మాయి ఇంటికి వెళ్లారు. వాళ్ల నాన్నతో వార్డెన్ ఏమందో తెలీదుగానీ, శనివారం ఆ పిల్ల తన పెట్టెతో తిరిగొచ్చింది. మెట్లెక్కించింది మళ్లీ పంపుతాతే.

“ఈసారి బరువుగా ఉందేంటమ్మా?” అన్నాడు.

“పుస్తకాలు తాతా. ఇక పంపరుగా?” అంది.

పిచ్చుక గుమ్మంలో నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, పెట్టెకి చెరో పక్కా పట్టుకున్నారు. ఆయనకి చేతులు ఖాళీ అయ్యాయి.

వరండాలో అద్దం తీసేశారు. మొహాలు మాత్రం ఉన్నాయి. ఇప్పుడు నారింజదో ఎర్రదో నొక్కితే ఆఫీసులో ఏ గంటా మోగదు. మేడంకి తెలుస్తుంది. అది నొక్కిన పిల్ల ముందుగా ఎంచుకున్న మనిషికి, అక్కో స్నేహితురాలో ఎవరైతే వాళ్లకి, తక్షణం ఫోను వెళుతుంది, ఆ పిల్ల దగ్గరకి వెళ్లండి అని. ఆ ముక్క రాసింది పిచ్చుకే. మేడం పక్కన కూర్చుని రాయించింది. “దొంగ ప్రోగ్రాం ఇంత బాగా రాశావంటే, అసలుది ఇంకెంత బాగా రాస్తావో చూద్దాం” అందట. సోమవారానికి మేడం ల్యాప్‌టాప్‌లో చుక్కలు రకరకాల రంగుల్లో వచ్చాయి. మేడం చూసి సంతోషించింది. వార్డెన్ చూసి మంచినీళ్లు తాగింది.

ఆ సాయంత్రం పిచ్చుక పంపుహౌసుకొచ్చి బకెట్ మీద కూర్చుంది. భుజాన అమ్మమ్మ శాలువా ఉంది. వంటావిడే తిరిగిచ్చేసిందట, మా అమ్మాయికి దురదపెడుతోందని అబద్ధమాడి. పిచ్చుక ఇంకా పూర్తిగా మునుపటి పిచ్చుక కాలేదు. మాటల మధ్య ఆగుతోంది. రాత్రిళ్లు బాగుండటం లేదని దాచకుండా చెబుతోంది. ఒడిలోంచి ఒక పాత ఫోను తీసింది.

“ఇందులో మొహాలు పెట్టాను. నీకు.”

“నాకెందుకే? నేను చదువుకునే పిల్లనా?”

“ఎలా ఉన్నావు తాతయ్యా?”

“బాగానే ఉన్నా.”

“అదిగో. అమ్మమ్మ పోయిన రోజు అడిగితే ఏమన్నావు?”

ఆయన పానా తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

“బాగానే ఉన్నానన్నావు. వరదలో నడుం పట్టేసినప్పుడు కూడా అదే. ఎప్పుడడిగినా ఒకే అంకె.” చెయ్యి చాచి అరమీద చచ్చిన గేజి తీసి ఆయన ఒళ్లో పెట్టింది. “ఇది ఎవరనుకున్నావు?”

పంపుతాత ఆ గేజిని తిప్పి చూశాడు. అద్దం మీద దుమ్ము బొటనవేలితో తుడిచాడు. ఏదో అనబోయి, పైనుంచి ట్యాంకు పొర్లుతున్న చప్పుడు వినబడితే, బతికానురా అన్నట్టు లేచి స్విచ్చి దగ్గరకి వెళ్లిపోయాడు.

“ఫోను అరమీద పెట్టా. నువ్వు ఎంచుకున్న మనిషి చోట నా పేరు నేనే రాసుకున్నా” అంది వెనకనుంచి.

మర్నాడు అయిదింటికి తలుపు తీశాడు. మోటారు వీపున చెయ్యి ఆనించాడు. నీళ్లెక్కించాడు. రెండు గేజీలనీ కొట్టి చూశాడు, రెండూ వణికాయి. ఏడు కావస్తుంటే మోటారు ఆపాడు. అరమీద ఫోను టింగుమంది. అయిదు మొహాలు వచ్చాయి. అలవాటు కొద్దీ ఆ అద్దాన్ని కూడా కణుపుతో ఒక దెబ్బ కొట్టాడు. వేలు ఆకుపచ్చ మీదకి వెళ్లింది. అక్కడ ఆగింది. చాలాసేపు ఆగి, పక్కకి, ఇంకా పక్కకి జరిగి, మూతి ముడిచిన నారింజ మొహాన్ని నొక్కింది.

మూడో అంతస్తునుంచి మెట్లమీద చెప్పుల చప్పుడు, గబగబా దిగి వస్తోంది.

పంపుతాత బకెట్ బోర్లించాడు. తన భుజం మీద తువ్వాలుతో దాన్ని తుడిచాడు. పిచ్చుక గుమ్మంలోకి వచ్చి, రొప్పుతూ, “ఏమైంది తాతయ్యా?” అంది.

“కూర్చో” అన్నాడు. “మీ అమ్మమ్మ గురించి చెప్పాలి.”